వీగనిజం

వీగనిజం అనగా మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె వంటి జంతు సంబంధమైన పదార్థాలన్నిటినీ విడిచిపెట్టే జీవన విధానం. దీనిని పాటించేవారిని వీగన్లు అంటారు. కొందరు దీనిని "శుద్ధ శాకాహారం" అని అనువదిస్తారు. కాని తెలుగునాట ఆ మాట పాలు, నెయ్యి వాడే శాకాహారానికే రూఢి అయినందున ఆ అనువాదం పొరపాటుకు దారితీస్తుంది.

పేరు, నిర్వచనం

పాలు మానిన సభ్యులకు ప్రత్యేక విభాగం ఏర్పరచడానికి ఇంగ్లండులోని శాకాహార సంఘం అంగీకరించలేదు. అందువలన 1944 నవంబరులో డోనాల్డ్ వాట్సన్, అతని మిత్రులు కలిసి వీగన్ సొసైటీని స్థాపించారు. 'వెజిటేరియన్' అనే ఆంగ్ల పదంలోని మొదటి మూడు, చివరి రెండు అక్షరాలను కలిపి ఈ పేరు పెట్టారు. విశేషమేమిటంటే, పేరు పుట్టిన కొన్నేళ్ళ వరకు దానికి స్పష్టమైన నిర్వచనం లేదు. 1949లో లెస్లీ క్రాస్ ఈ లోపాన్ని ఎత్తిచూపాడు. అతని దృష్టిలో ఇది ఆహార నియమం కాదు, మనిషి దోపిడీ నుండి జంతువులకు విముక్తి. 1951లో సంఘం ఈ భావాన్నే స్వీకరించింది. తరువాతి నిర్వచనంలో "సాధ్యమైనంత వరకు, ఆచరణయోగ్యమైనంత వరకు" అనే అర్థం గల మాటలు చేరాయి. ఉదాహరణకు, జంతువులపై పరీక్షించిన మందు వైద్యుడు వ్రాసి ఇస్తే, దానిని మానవద్దనే ఈ సంఘం చెబుతుంది.

భేదాభిప్రాయాలు

ఆరోగ్యం కొరకో, పర్యావరణం కొరకో ఆహారంలో మాత్రమే ఈ నియమం పాటించి, తోలు చెప్పులు, ఉన్ని దుస్తులు వాడేవారు ఉన్నారు. వీరిని వీగన్లు అనరాదని నైతిక వాదుల అభిప్రాయం. నైతిక వాదులలోనూ ఏకాభిప్రాయం లేదు. జంతువును మనిషి ఆస్తిగా చూడడమే తప్పని గారీ ఫ్రాన్సియోన్ వాదిస్తాడు. పీటర్ సింగర్‌కు జంతువు పొందే బాధ ముఖ్యం గనుక కొంత సడలింపు తప్పు కాదంటాడు. 2020 జనవరిలో బ్రిటన్‌లోని ఒక ఉద్యోగ ట్రిబ్యునల్ నైతిక వీగనిజాన్ని చట్టరక్షణ గల తాత్విక విశ్వాసంగా గుర్తించింది.

భారతదేశంలో

మన దేశంలో చిక్కంతా పాల దగ్గరే వస్తుంది. గాంధీజీ 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానివేశాడు. తరువాత తీవ్రంగా జబ్బుపడినపుడు, తాను విడిచినవి ఆవు పాలు, గేదె పాలే కదా అన్న సమాధానంతో మేకపాలు త్రాగాడు. ప్రతిజ్ఞలోని అక్షరం నిలిచినా ఆంతర్యం చెడిందని ఆత్మకథలో బాధపడ్డాడు. "సాధ్యమైనంత వరకు" అనే మాటలోని ఇబ్బందిని ఇంతకంటె నిజాయితీగా చెప్పినవారు అరుదు.

పట్టు విషయమూ ఇటువంటిదే. మామూలుగా పట్టుకాయలను లోపలి పురుగుతో సహా వేడినీటిలో ఉడికించి దారం తీస్తారు. హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య, చిలుక బయటికి ఎగిరిపోయిన తరువాత మిగిలిన కాయల నుండి "అహింసా పట్టు" తయారు చేశాడు. చంపడమే దోషమనుకొనేవారికి ఇది సమ్మతం. పురుగును మన అవసరానికి పెంచడమే దోషమనేవారికి ఇదీ సమ్మతం కాదు.

ఆహార పొట్లాలపై ఉండే ఆకుపచ్చ గుర్తు పాలు, తేనె కలిసిన పదార్థాలకూ వర్తిస్తుంది. అందుచేత వీగన్ ఆహారానికి 2022లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ప్రత్యేక నిబంధనలను, వేరొక చిహ్నాన్ని తెచ్చింది. తోలు, పట్టు వీటి పరిధిలోకి రావు.