బొమ్మ ఇంజనుకు మన లైను కూత

శంషాబాద్ అనగానే ఇప్పుడు విమానాల మోత గుర్తుకొస్తుంది. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యేవరకూ ఈ ఊరికి తెలిసిన పెద్ద మోత రైలుదే. ఊరికి స్టేషను ఉమ్దానగర్. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల వైపు సాగిన నిజాం కాలపు మీటర్ గేజి లైను అది. కాచిగూడ స్టేషను 1916లో కట్టిందనీ, 1930లో నిజాం సర్కారు కంపెనీ నుంచి రైల్వేను కొన్నదనీ, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిందనీ మన సభ్యుల్లో చాలామందికి కంఠతా వచ్చు. ఆ తేదీలన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. లేనిది ఆ లైను చప్పుడు. నేను రాయదలచింది దాని గురించే.

మా తరం ఎక్కిన ప్యాసింజరు బండ్లను లాగినవి వై.పి. తరగతి ఆవిరి ఇంజన్లు. 1949 నుంచి 1970 వరకు 800కు పైగా తయారయ్యాయి. చాలా భాగం జంషెడ్‌పూర్‌లో టెల్కో వారివి. వాటి పెద్ద చక్రం నాలుగున్నర అడుగులు. ఇంజనుకు రెండు సిలిండర్లు. పిస్టన్ ముందుకు పోయినా, వెనక్కు వచ్చినా ఆవిరి ఒకసారి పొగగొట్టంలోంచి బయటికి తన్నుతుంది. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ‘ఛుక్’లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పది దాకా పడతాయి. అందుకే స్టేషను వదిలేటప్పుడు లెక్కపెట్టగలిగిన చప్పుడు, పొలాల్లోకి వెళ్ళేసరికి ఒకటే గుయ్‌మని కలిసిపోయేది.

1992లో యూనిగేజ్ పథకం వచ్చింది. ఆ దశకంలోనే మన లైను బ్రాడ్‌గేజి అయ్యింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ జంట లైను, విద్యుదీకరణతో సహా జాతికి అంకితమైంది. మంచిదే, ఎవరు కాదంటారు? అయితే పాత ఇంజన్లలో కొన్నిటిని మ్యూజియాల్లో రంగు వేసి నిలబెట్టారు. నిలబడ్డ ఇంజను మాట్లాడదు గదా.

మా కాలనీలో వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మిత్రుడొకాయన ఉన్నారు. ఇత్తడి రేకుతో వై.పి. బొమ్మ చేశారు. 87వ వంతు కొలత. పట్టాల వెడల్పు 12 మిల్లీమీటర్లు, పెద్ద చక్రం 16 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నడిస్తే మాత్రం కుట్టు మిషను చప్పుడు. దీనికి గొంతు పెట్టాలన్నారాయన.

బొమ్మ రైలుకు గొంతు పెట్టాలన్న కోరిక కొత్తదేం కాదు. అమెరికాలో లయనెల్ కంపెనీ 1935లోనే టెండరులో చిన్న మోటారు పెట్టి గాలితో కూత వేయించింది. ఇంగ్లండులో హార్న్‌బీ వారు 1970లలో టెండరు చక్రానికి గరుకు కాగితం రాపిడి పెట్టి ఛుక్‌ఛుక్ తెప్పించారు. అసలు మార్పు తెచ్చింది డిజిటల్ పద్ధతి. 1980ల చివర జర్మనీలో లెంజ్ సంస్థ రూపొందించిన విధానాన్ని ఆధారం చేసుకుని అమెరికా మోడల్ రైల్వే సంఘం 1994 నాటికి ప్రమాణాలు ఖాయం చేసింది. దాన్నే డి.సి.సి. అంటారు.

పాత పద్ధతిలో పట్టాల్లో వోల్టేజి పెంచితే బండి వేగం పెరిగేది, తగ్గిస్తే ఆగేది. పట్టాల మీద ఉన్న బండ్లన్నీ ఒకేసారి కదిలేవి. కొత్త పద్ధతిలో వోల్టేజి ఎప్పుడూ ఒకటే. కరెంటు దిశ సెకనుకు వేలసార్లు తారుమారవుతుంది. పొట్టి మార్పు ‘ఒకటి’, పొడుగు మార్పు ‘సున్న’. ఆ ఒకట్లూ సున్నలే ఆదేశం. ప్రతి ఇంజనులో డీకోడర్ అనే బిళ్ళ, దానికొక నంబరు. ఆదేశం అందరికీ వినబడుతుంది, నంబరు ఎవరిదో వారే లేస్తారు. (మన ఆఫీసుల్లో ఈ ఒక్కటీ జరిగేది కాదు, అది వేరే సంగతి.) 1990ల నుంచి ఈ బిళ్ళల్లోనే రికార్డు చేసిన ధ్వనులు కూడా చేర్చడం మొదలైంది.

బిగించే పని నాలుగు రోజులు పట్టింది. ఎరుపు, నలుపు తీగలు పట్టాల కరెంటుకు. నారింజ, బూడిద రంగువి మోటారుకు. మోటారు ఇంజను చట్రానికి ఎక్కడా తగలకూడదు, తగిలితే బిళ్ళ కాలిపోతుంది. సెల్‌ఫోనులో ఉండేంత స్పీకరును టెండరులో బొగ్గు కింద దాచారు. స్పీకరు వెనక గాలి చొరబడని చిన్న డబ్బా ఉండి తీరాలి. లేకపోతే ముందు నుంచి వచ్చే ధ్వనినీ వెనక నుంచి వచ్చే ధ్వనీ ఒకదాన్నొకటి చంపుకొని, చీమ మూలిగినట్టుంటుంది. పట్టాల మీద దుమ్ముంటే కూత మధ్యలో తెగకుండా ఒక కెపాసిటరు కూడా చేర్చారు.

మొదటిసారి నడిపిన రోజు మా వీధిలోనే ఉండే రిటైర్డ్ డ్రైవరును పిలిచాం. కాచిగూడ బండ్ల మీద ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరైన మనిషి. కళ్ళు మూసుకుని విన్నారు. “సార్, మంచిగనే ఉంది. కానీ గిది మనోళ్ళ కూత గాదు” అన్నారు. నిజమే. బిళ్ళతో పాటు వచ్చింది జర్మనీ ఇంజను గొంతు. బొమ్మకు దొరసాని గొంతు పెట్టినట్టయింది.

అక్కడే ఆగిపోవాల్సిన పని. ఆ డ్రైవరు గారి తమ్ముడు 1980లలో కాచిగూడ ప్లాట్‌ఫారం మీద టేప్‌రికార్డరుతో పట్టిన క్యాసెట్టు ఒకటి ఇంట్లో ట్రంకుపెట్టెలో దొరికింది. సినిమా పాటల మధ్య ఆరు నిమిషాల ఇంజను. నా మనవడు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి ముక్కలు చేశాడు: నిలబడ్డప్పటి బుస, నాలుగు ఛుక్‌లు, కూత. ఇప్పటి బిళ్ళల్లో మన సొంత ధ్వనులు ఎక్కించుకునే వీలుంది. టేపు బుస ఆవిరి బుసలో కలిసిపోవడం మా అదృష్టం. మిల్లీమీటర్లలో కొలిచే స్పీకరు కింది స్వరాలు పలకలేదు గనుక వాటిని తగ్గించేశాం. కూత చివర్లో ఒక చాయ్‌వాలా కేక కూడా పడింది. మనవడు తీసేస్తానన్నాడు, మేం ఒప్పుకోలేదు.

మళ్ళీ విన్నప్పుడు డ్రైవరు గారు చప్పుడుతో పాటు వేళ్ళు మడిచారు. “నాలుగో దెబ్బ గట్టిగ పడుతుంది చూసిన్రా? వాల్వు సెట్టింగు సరిగ లేదా బండికి. షెడ్డుల రాసిచ్చినా ఎవ్వరు పట్టించుకోలె” అన్నారు. ఏ ఇంజనో నంబరు చెప్పలేకపోయారు గానీ, ఆ కుంటి అడుగును మాత్రం నలభై ఏండ్ల తర్వాత గుర్తుపట్టారు. దాన్ని కూడా సరిచేయలేదు.

ఇప్పుడు మిత్రుడు వై.డి.ఎం.-4 డీజిలు బొమ్మ మొదలుపెట్టారు. ఆరు సిలిండర్ల ఆల్కో ఇంజను, ఆవిరి తర్వాత మీటర్ గేజి మీద తిరిగినది. మన లైనులో దాని చప్పుడు మాత్రం ఎవరి దగ్గరా దొరకలేదు. సభ్యుల ఇళ్ళల్లో అటక మీద పాత క్యాసెట్లుంటే, పాటలు పాడైపోయాయని పారేయకండి. పెండ్లి ప్రయాణాల్లో, తిరుపతి యాత్రల్లో పట్టినవాటిలో వెనక ఇంజను వినబడుతూ ఉండవచ్చు. నెలవారీ సమావేశానికి తెస్తే కాపీ తీసుకుని అదే రోజు తిరిగి ఇచ్చేస్తాం. వై.పి. బొమ్మను కూడా ఆ రోజు టేబులు మీద నడిపిస్తాం.