ఆ కుర్చీ మాది కాదు

మా ఊరు ఆమదాలవలస. స్టేషను బోర్డు మీద మాత్రం ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది. ఉన్నది ఒకటి, రాసింది ఒకటి. ముసల్మానులుగా మా సంగతీ అంతే. టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు నవ్వుతూనే అడుగుతారు: “ఏటి సాయిబూ, మీ నిజాం గారి కాలమే బాగుండేదేటి?”

మా నిజామా? శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిది. అప్పటికి నిజాములే లేరు. తర్వాత వచ్చిన నిజాం అలీఖాన్ 1766లో ఈ చీకకోల్ సర్కారును ఇంగ్లీషు కంపెనీకి అప్పజెప్పాడు. ఇక్కడి సాయిబుని అడిగి అప్పజెప్పలేదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. పాత సంస్థానాల్లో చాలావాటిని ‘బి’ తరగతి రాష్ట్రాలు చేసి, గవర్నరు బదులు రాజప్రముఖ్‌ని కూర్చోబెట్టారు. మధ్యభారత్‌లో గ్వాలియర్ మహారాజు రాజప్రముఖ్, ఇండోర్ మహారాజు ఉపరాజప్రముఖ్. ఇద్దరు రాజుల పరువుకి రెండు కుర్చీలు! హైదరాబాదులో ఒకటే కుర్చీ. అందులో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఏటా యాభై లక్షల రాజభరణం. అధికారం మాత్రం ఢిల్లీది.

కుర్చీ నిజాంని కాపాడింది. మరి రైతుని, కూలీని, చేతిపని చేసుకునే ముసల్మానుని? రజాకార్ల దౌర్జన్యాలను మేం దాచం. కానీ పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా హైదరాబాదు రాష్ట్రం మొత్తంలో చంపబడినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ప్రభుత్వం పంపిన కమిటీయే అది. ఆ నివేదిక జనం ముందుకు రావడానికి 2013 దాకా పట్టింది. నవాబుకి పదవి, గరీబుకి గోరీ. ఆ గోరీకైనా గుర్తు లేదు.

1956లో ఏడో రాజ్యాంగ సవరణ రాజప్రముఖ్, ఉపరాజప్రముఖ్ కుర్చీలన్నిటినీ ఎత్తేసింది. ఏడేళ్లయినా నిలవలేదు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 190 ఏళ్ల తర్వాత ఆమదాలవలస, హైదరాబాదు ఒకే ఏలుబడి కిందికొచ్చాయి. అదీ నిజాం కుర్చీ దిగిన రోజునే! 2014లో మళ్లీ విడిపోయాం. టీకొట్టు ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

మీలో చదువుకున్న మిత్రులూ ఆ మాట అంటారు కనుకే ఇది రాస్తున్నాను. ఆ రాజు మా రాజు కాదు, ఆ కుర్చీ మా కుర్చీ కాదు. ఆయన తరపున జవాబు చెప్పే బాకీ మాకు లేదు. మమ్మల్ని అడగాలనుకుంటే మా కూలి రేటు అడగండి, మా పిల్లల చదువు అడగండి. చెబుతాం.