ముద్రయు, నమ్మకమును

విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకమున రాక్షసామాత్యుని ఉంగరము చాణక్యుని చేజిక్కును. ఆ ఉంగరముతో ముద్రితమైన కపటలేఖను మలయకేతువు నమ్మి, తన హితుడైన మంత్రినే దూరము చేసికొనును. అచట ముద్ర నిజమైనదే; వేసిన చేయి మాత్రము వేరు. నేడు కంప్యూటరునకు క్రొత్త పరికరము నమర్చునపుడు తలయెత్తు ఒక చిక్కునకు మూలము కూడ ఇట్టి ముద్రయే.

ప్రింటరు మొదలగు పరికరములు కంప్యూటరుతో పనిచేయుటకు డ్రైవరు అను ప్రోగ్రాము కావలెను. డ్రైవర్లలో పెక్కు కెర్నెల్ అను గర్భాలయమున మెలగును. అచట ప్రవేశించినదానికి అడ్డు చెప్పువారు లేరు. కావున ద్వారముకడనే ముద్రను పరీక్షింపవలసి వచ్చినది.

ఈ ముద్ర గణితము నుండి పుట్టినది. 1976లో డిఫీ, హెల్మన్ అను పండితులు బహిరంగపు తాళపుచెవి అను భావమును ప్రకటించిరి. మరుసటి యేడు రివెస్ట్, షమీర్, ఏడిల్మన్ అనువారు దానికి ఆచరణరూప మిచ్చిరి. రహస్యపు చెవితో సంతకము చేయుదురు. బహిరంగపు చెవితో ఎవరైనను దానిని పరీక్షింపవచ్చును. కాని ఆ బహిరంగపు చెవి ఫలానావారిదే యని చెప్పునదెవరు? 1978లో కోన్‌ఫెల్డర్ అను అమెరికా విద్యార్థి ధ్రువపత్రమను ఉపాయమును సూచించెను. 1988లో ఎక్స్.509 అను ప్రమాణము దానికి రూపము నిర్ణయించెను. ఒక పత్రమునకు వేరొక పత్రము సాక్షి; దానికి మరియొకటి. చిట్టచివరి మూలపత్రమునకు వేరు సాక్షి లేదు. దానిని యంత్రము ముందే నమ్మి తనయొద్ద నుంచుకొన్నది.

విండోస్ 2000 సామాన్యముగా ముద్రలేని డ్రైవరును చూచి హెచ్చరించి యూరకుండెడిది. 2007లో ప్రజలకు అందిన విస్టా, తన 64-బిట్ రూపమున, అట్టి కెర్నెల్ డ్రైవరును నిరాకరించెను. ఇక భయము లేదని తోచినది.

2010 జూనులో స్టక్స్‌నెట్ అను దుష్టప్రోగ్రాము బయటపడినది. ఇరానులోని నతాంజ్ యురేనియము శుద్ధికేంద్రమే దానికి గురియని నిపుణులు తేల్చిరి. దాని డ్రైవర్లపై తైవాను సంస్థలైన రియల్‌టెక్, జేమైక్రాన్‌ల సంతకము లుండెను. గణితమున దోషము లేదు. ఆ తాళపుచెవులు అపహరింపబడినవని పరిశోధకులు భావించిరి. ద్వారపాలకుడు ముద్రను చూచి త్రోవ యిచ్చెను. పిదప ఆ ధ్రువపత్రములు రద్దయినవి. రాక్షసుని ఉంగరపు కథ మరల జరిగినది!

నాటినుండి కట్టుబాట్లు బిగిసినవి. 2016లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుండి క్రొత్త కెర్నెల్ డ్రైవర్లకు, కొన్ని మినహాయింపులతో, మైక్రోసాఫ్ట్ సంతకమే కావలసి వచ్చెను. షా-1 అను పాత గణితవిధానము బలహీనమగుటచే షా-2 వాడుకలోనికి వచ్చెను. 2015 నాటి సవరణ నందుకొనని విండోస్ 7 యంత్రములు ఈ క్రొత్త ముద్రను గుర్తింపలేక, సాధువైన డ్రైవరును సైతము త్రోసిపుచ్చెను. వచ్చినవాడు దొంగ కాడు. ద్వారపాలకుని పుస్తకమే పాతది.

కావున ‘కోడు 52’ అను నిరాకరణ కనబడినపుడు మొదట కారణము నరయవలెను. యంత్రమునకు రావలసిన సవరణలు వచ్చినవా? డ్రైవరు తయారుచేసినవారి యొద్దనుండియే వచ్చినదా? దాని పత్రముల గొలుసు ఎచట తెగినది? తెలిసిన సంస్థ యిచ్చిన మూలపత్రమైనచో, విచారించిన పిమ్మట చేర్చుకొనవచ్చును. అయినను కెర్నెల్ ద్వారమునకు అదియొక్కటే చాలదు.

పరీక్షనే మాన్పించు దారి యొకటి కలదు. అది సులభము; పని కూడ వెంటనే జరుగును. కాని నాడు తెరచిన తలుపు రేపు ఎవరికొరకు తెరచియుండునో యోచింపవలెను. ముద్రను నమ్ముట యనగా ముద్ర వేసినవానిని నమ్ముట. మలయకేతువు మరచిన దీ మాటయే.