కలివికోడిని వెదకిన చదువు

మన కాడుగోడి పేరులోనే 'కాడు' ఉన్నది. కన్నడమున అడవి యని యర్థము. ఇచ్చటి తోపు భూమి 1896లోనే ప్రభుత్వారణ్యముగా ప్రకటింపబడినది. అందులో 120 ఎకరములను అటవీశాఖవారు 2025లో మరల స్వాధీనపరచుకొనిరి. ఆ వార్త చదివినప్పుడు నాకు మా పూర్వుల కడపసీమ పొదలు జ్ఞప్తికి వచ్చినవి. గుమాస్తా కొలువులో అట్టి నేలను 'బంజరు' అని ఎన్నిమారులు వ్రాసితినో లెక్కలేదు. అట్టి బంజరే కలివికోడికి ఇల్లని అప్పుడు నే నెరుగను.

నెల్లూరిలో వైద్యుడుగా నుండిన జెర్డన్ దొర పేరనే ఈ పిట్టను ఆంగ్లమున పిలుతురు; 1848లో దీనికి శాస్త్రనామ మేర్పడినది. 1900లో అనంతపురము చెంత కనబడిన పిదప మరల జాడ లేదు. నశించినదనియే పలువురు తలచిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు పంపగా భరత్ భూషణ్ గారు ఊరూర పిట్ట బొమ్మను చూపి వేటకాండ్రను విచారించిరి. 1986 జనవరిలో లంకమల కొండల దాపున, రెడ్డిపల్లె చెంత, ఐతన్న యను వేటగాడు రాత్రివేళ దానిని పట్టెను. పట్టువడిన పిట్ట బ్రదుకలేదు. అది రాత్రి తిరుగు పక్షి. పగలు వెదకినవారికి ఎట్లు కనబడును? పండితుల పేర్ల సరసన ఐతన్న పేరును వ్రాయుట న్యాయమని నా తలంపు.

కనుగొనుట ఒక యెత్తు, కాపాడుట ఒక యెత్తు. 2000 తరువాత బొంబాయి సంఘమువారును, ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయమువారును కలసి ఏండ్ల తరబడి శ్రమించిరి. పొదల నడుమ మన్ను మెత్తగా పరచి, తెల్లవారి అడుగుజాడలు చూచిరి. పిట్ట నడచినంతనే తమంత బొమ్మ తీయు కెమెరాల నుంచిరి. మునిమాపున దాని కూతను యంత్రముతో వినిపించి, బదులు కూతకై చెవియొగ్గిరి. తేలిన దేమనగా, హెక్టారునకు పెద్దపొదలు 300 మొదలు 700 వరకు ఉన్నచోటనే దానికి అనువు. పొదలు దట్టమైనను తగదు, బొత్తిగా కొట్టివేసినను తగదు. పసులు మేయుట, వంటచెరకు కొట్టుట మితముగా నున్నచో ఆ యెడము నిలుచును. మనుష్యుని అడవినుండి వెళ్లగొట్టుటయే రక్షణ మనుకొన్న నాకు ఇది క్రొత్త మాట.

2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదలలోనికే వచ్చినది. పరిశోధకులు తమ లెక్కలు చూపి మొరపెట్టగా కాలువ మార్గము మార్చబడినది. "పిట్టకొరకు నీళ్లు మానుకొందుమా?" యని మా చుట్ట మొకడు నన్ను నిలదీసెను. నీరు మానుకొమ్మని ఎవరును అనలేదు. త్రోవ కొంత చుట్టు తిరిగినది, అంతే.