ఆల్‌ఫ్రిస్టన్ గురువుల ఇల్లు



శతవార్షికోత్సవములలో ఆలయముల చరిత్ర చాలమంది వ్రాయుదురు. గురువు కాపురమున్న ఇంటిని గూర్చి వ్రాయువారు అరుదు. కనుక ఇంగ్లండు దేశములోని అట్టి ఒక ఇంటిని గూర్చి వ్రాయదలచితిమి.

ససెక్సు సీమలో కక్మీర్ ఏటి చెంత ఆల్‌ఫ్రిస్టన్ అను గ్రామమున్నది. అక్కడి పరిశుద్ధ అంద్రెయ ఆలయము ప్రక్కనే ఈ ఇల్లున్నది. ఇది 14వ శతాబ్దపు కట్టడము. గురువుల ఇల్లనగానే రాతిమేడ యనుకొనవద్దు. ఆ సీమలో కలిగిన రైతులు కట్టుకొనిన పద్ధతిలోనిదే, పైన గడ్డికప్పు. ఓకు స్తంభములను, దూలములను కొయ్యమేకులతో బిగించి, నడుమ తడికె అల్లి మట్టి మెత్తిరి. మధ్యను కప్పు వరకు ఖాళీగానున్న పెద్ద సావడి, ఇరుకొనలను రెండంతస్తుల గదులు, అన్నిటికి ఒకే కప్పు. మొదట పొగగొట్టము లేదు. సావడి నడుమ నేలమీదనే నిప్పు. పొగ కప్పు సందులనుండి పోవలసినదే. (చలికాలపు ప్రసంగములు ఆ పొగలోనే సిద్ధమైనవి కాబోలు!) నేలకు సుద్దను దిమ్మిసకొట్టి పులిసిన పాలు పూసిరి. పేడతో అలికిన నేలమీద పెరిగిన మనకిది వింతగా తోచదు. సావడిలో కొయ్యమీద ఒక ఓకు ఆకు చెక్కియున్నది.

19వ శతాబ్ది చివరకు ఇల్లు పాడుపడెను, కూల్చివేయుటయే మేలనిరి. అక్కడి గురువు బేనన్ అయ్యగారు ఒప్పుకొనక, సహాయము కొరకు పలువురిని వేడుకొనిరి. 1895లో స్థాపింపబడిన నేషనల్ ట్రస్టు 1896లో దీనిని 10 పౌండ్లకు కొనెను. ఆ సంస్థ కొనిన మొదటి కట్టడమిదే. వెల స్వల్పమే, మరమ్మతుకైన ఖర్చు అంతకు అనేక రెట్లు. స్థాపకులు ముగ్గురిలో ఆక్టేవియా హిల్ అమ్మగారు ఆ ధనము కొరకు శ్రమపడిరి. మరియొక స్థాపకుడైన రాన్స్‌లీ గారును గురువే. ట్రస్టువారి ఓకు ఆకు గుర్తుకు ఆ సావడి ఆకే మూలమని కొందరందురు.

మిషనరీల నాటి బంగళాలు మనకును ఉన్నవి. కప్పులు కారుచున్నవి, గోడలు నెఱ్ఱెలిచ్చినవి. కూల్చి దుకాణములు కట్టి అద్దెకిత్తమను మాట కమిటీలలో వచ్చుచునే యుండును. అద్దె సొమ్ము అక్కరలేదని మేమనము. ఉపదేశకుల జీతములు దేనితో జరుగును? అయినను ఒక మేస్త్రీని పిలిచి మరమ్మతుకెంతగునో అడుగకమునుపే గడ్డపార ఎత్తుట తగదని మా అభిప్రాయము. కూల్చక తప్పనిచో, ముందుగా గదుల కొలతలు వ్రాసి, ఫోటోలు తీయించి, దస్తావేజులతో భద్రపరచవలెను.

ఇప్పటికే కూలిపోయిన గురువుల ఇండ్ల పాత ఫోటోలు మీ ఇండ్లలో పెండ్లి ఆల్బములలోనైన ఉండవచ్చును. అట్టివి దొరికినయెడల మీ పాస్టరేటు గురువుగారికి చూపింపుడి.