ఘంటసాల గారి జోలె

ఘంటసాల వెంకటేశ్వరరావు గారి పాట గురించి మన పెన్షనరు మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. ఆయన తిన్న అన్నం గురించి చెబుతాను.

1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. సంగీతం కోసం విజయనగరం వచ్చి పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యులయ్యారు. గురువు గారికి విద్య చెప్పే మనసుంది గాని భోజనం పెట్టే స్తోమతు లేదు. అందుకని జోలె కట్టి మధుకరం ఎత్తారు. ఇప్పటి పిల్లలకు ఈ మాట తెలియదు. ఇంటింటికీ వెళ్లి వండిన అన్నం అడిగి తెచ్చుకోవడం. వేళ తప్పితే పస్తే.

1942 ఉద్యమంలో జైలుకు వెళ్లారు. తర్వాత మద్రాసు. 'పాతాళభైరవి' (1951) నాటికి సంగీత దర్శకుడిగా ఇంటింటా పేరు. 'మాయాబజార్' (1957)కు సాలూరు రాజేశ్వరరావు గారు కొన్ని వరసలు కట్టి తప్పుకుంటే తక్కినవి ఈయనవే. 1970లో పద్మశ్రీ.

1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే పోయారు. అప్పుడు నేను టైడాలో గుమాస్తాను. కొండల మధ్య రేడియో సరిగా పలికేది కాదు. మర్నాడు ఎస్.కోట నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెబితే తెలిసింది. అతనిది విజయనగరమే.

"మా మామ్మ ఆ జోలెలో అన్నం వేసిందటండీ" అని, టిక్కెట్లు కొట్టడం మాని కాసేపు అలాగే నిలబడిపోయాడు.