గౌతమీతీరమున వేయిగజాల గురి

కొబ్బరికాయను తుపాకితో గురిచూచి కొట్టు పండుగ యొకటి మన దేశమున కలదు. కాని అది కోనసీమది కాదు. పడమటి కనుమలలోని కొడగుసీమయందు వరినాట్లు ముగిసిన పిమ్మట వచ్చు కైల్‌పోళ్దు పండుగనాడు కొడవ గృహస్థులు తమ యిండ్లలోని ఆయుధములను పూలతో అలంకరించి పూజించి, ఆ మీదట ఎత్తైన చెట్టునకు కట్టిన కొబ్బరికాయను నేలమీదినుండి గుండుతో పగులగొట్టుటలో పోటీ పడుదురు. ఆలమూరునుండి జొన్నాడ రేవువఱకును, గౌతమిని దాటినచో రావులపాలెమునుండి అమలాపురమువఱకును ఎడతెగని కొబ్బరినీడలలో తిరిగిన నాకు ఈ సంగతి మొదట తెలిసినప్పుడు ఆశ్చర్యముతోపాటు కొంత దుఃఖము కూడ కలిగినది. కాయలు మనకు లక్షోపలక్షలు. కొట్టుటకు తుపాకి మాత్రము మన యిండ్ల గోడలకు ఏనాడును వ్రేలాడలేదు.

ఈ భేదమునకు కారణము కొడవల శౌర్యమును కాదు, మన పిఱికితనమును కాదు. అది కేవలము శాసనము వలన ఏర్పడినది. 1857 తరువాత ఆంగ్లప్రభుత్వము దేశమును నిరాయుధము చేయ సంకల్పించినపుడు కొడవలకు 1861లో ప్రత్యేకముగా మినహాయింపు నిచ్చెను. ఆ మినహాయింపు స్వతంత్రభారతమునందును కొనసాగుచున్నది. మిగిలిన దేశమునకు మాత్రము లిట్టన్ ప్రభువు కాలమున, 1878వ సంవత్సరపు 11వ చట్టముగా ఆయుధశాసనము వచ్చినది. అనుమతిపత్రము లేనిదే భారతీయుడు తుపాకి పట్టరాదు. ఐరోపీయులకు ఆ నిర్బంధము లేదు.

సరిగా ఆ దశాబ్దములలోనే దూరపుగురి యనునది పాశ్చాత్య దేశములలో ఒక విద్యగా, పౌరుల విరామకాల వినోదముగా రూపొందుచుండినదని మనవారు గుర్తింపవలెను. గొట్టములోపల మెలికలుగా గాళ్ళు తీసి, గుండు బొంగరమువలె తిరుగుచు పోవునట్లు చేసినందున, నూఱు గజములలోనే దారి తప్పు పాతతుపాకి స్థానమున వందల గజములు చేరు రైఫిలు వచ్చినది. 1860 జూలై 2వ తేదీన ఇంగ్లండులోని వింబుల్డన్ మైదానమున విక్టోరియా రాణి, ఆధారముపై బిగించియుంచిన విట్‌వర్త్ రైఫిలు మీట లాగి, 400 గజముల దూరమున నున్న గురిని దాదాపు నడిబొడ్డున కొట్టి జాతీయ రైఫిలు సంఘపు పోటీలను ప్రారంభించినది.

ఆ విద్య ఎంతవఱకు పెరిగెనో తెలియుటకు 1874 సెప్టెంబరున న్యూయార్కు సమీపమున క్రీడ్‌మూర్ మైదానమునందు ఐర్లండు, అమెరికా జట్లకు జరిగిన పోటీ చాలును. 800, 900, 1000 గజముల దూరములు. ఒక్కొక్క జట్టున ఆర్గురు. ఐరిష్‌జట్టులోని మిల్నర్ అనునాతడు నడిబొడ్డున కొట్టెను గాని, కొట్టినది తన గురి కాదు, ప్రక్కవాని గురి. ఆ గుండునకు విలువ లేకపోయినది. చివర మిగిలిన గుండు అమెరికాజట్టులోని బోడీన్‌ది. అంతకుముందే శొంఠిపానీయపు సీసా పగిలి అతని చేయి కోసికొనిపోయి నెత్తురు కాఱుచుండెను. ఆ చేతికి గుడ్డ చుట్టుకొని, పండుకొని, ఊపిరి బిగబట్టి అతడు కాల్చిన గుండు వేయి గజముల కవతల ఇనుపపలకపై ఖంగున మ్రోగినది. 934కు 931, మూడు పాయింట్ల తేడాతో జయము. ఆ మైదానపు పేరు నేటికిని దూరపుగురికై రూపొందించిన ఒక తూటాకు నిలిచియున్నది.

వేయి గజములనగా ఏమో, తుపాకి నెఱుగనివారికి ఒక మాట చెప్పవలెను. ఈనాటి సాధారణమైన పోటీరైఫిలు గుండు ఆ దూరము చేరుటకు సుమారు ఒకటిన్నర సెకను పట్టును. ఆ వ్యవధిలో అది రమారమి ముప్పది అడుగులు, అనగా మన పెరటి కొబ్బరిచెట్టంత ఎత్తు, క్రిందికి జాఱును. ఈ పతనము లెక్కకు లొంగును. గురిసాధనమును అంత మేరకు సవరించుకొన్న చాలును. లొంగనిది గాలి. గంటకు పదిమైళ్ళ వేగముతో వీచు ప్రక్కగాలి గుండును ఎనిమిది అడుగుల వఱకు త్రోసివేయగలదు. అదియును కాల్చువాని వద్ద ఒక తీరున, నడిదారిలో మఱియొక తీరున, గురివద్ద వేఱొక తీరున వీచుచుండును. అందువలన ఈ విద్యయందు ఆరితేఱినవారు తుపాకిని చూచుటకంటె జెండాలను, గడ్డిపోచలను, దుర్భిణిలో కనబడు ఎండమావిని ఎక్కువగా చూతురు. మన కవులు భ్రాంతికి ఉపమానముగా వాడిన ఎండమావియే ఇచ్చట గాలి ఎటు పారుచున్నదో చెప్పు నమ్మదగిన సాక్షి.

ఇట్టి విద్య మన తీరమునకు రానేలేదా యనిన, వచ్చినది. కాని పరాయివాని చేతిలో వచ్చినది. విశాఖపట్టణము కేంద్రముగా ఈస్ట్ కోస్ట్ రైఫిల్ వాలంటీర్లు అను దళ ముండెడిది. ఇట్టి దళములలో రైఫిలు పట్టి గురి సాధన చేసినవారు ప్రాయికముగా ఐరోపీయులును ఆంగ్లోఇండియనులును. ఆ దళములలో తమకును ప్రవేశము కావలెనని మన విద్యావంతులు కోరిరి. 1887లో చెన్నపట్టణమున కూడిన కాంగ్రెసు మహాసభ ఆయుధశాసనమును సడలింపుమని తీర్మానించినది. ఫలము లేకపోయినది. పై పెచ్చు, సైన్యము వాడు త్రీనాట్‌త్రీ తూటా అనుమతి గల పౌరునికిని దక్కరాదని నిషేధించిరి. అందువలననే మన పౌరులకు అమ్ముటకు త్రీవన్‌ఫైవ్ తూటాకు తగిన స్వదేశీ రైఫిలు తయారైనది.

జమీందారులకు మాత్రము వేట మిగిలినది. విజయనగరపు మహారాజకుమారుడు, క్రికెట్టు నాయకుడుగా ప్రసిద్ధుడైన విజ్జీ, పులుల వేటగాడుగాను పేరుపొందెను. వేటయందలి గురి దగ్గఱి గురి. దానిని దూరపుగురికి తోబుట్టువుగా లెక్కించుటకు నా మన సొప్పదు. ఆ వేటయును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముతో ముగిసినది. సామాన్యజనుల వాకిళ్ళకు వచ్చిన తుపాకి యొక్కటే: ఖాకీ తొడిగి, టోపీ పెట్టి, కోతలు కోయుచు వచ్చు పిట్టలదొర భుజముమీది కొయ్యతుపాకి. తరతరములు ఆయుధ మెఱుగని జాతి దానిని హాస్యముగా మార్చుకొని కడుపార నవ్వుకొన్నది. ఆ నవ్వును నేను ప్రేమింతును, దాని వెనుకనున్న లేమిని మఱువలేను.

గోదావరి మన్యమున కథ వేఱు. ఆయుధశాసనము వచ్చిన మఱుసటి యేడే, 1879లో, కల్లుపై విధించిన చిగురుపన్ను బాధకు తాళలేక రంపసీమ తిరుగబడినది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి 26 తుపాకులను, రెండువేల యైదువందలకు పైబడిన తూటాలను పట్టుకొనెను. ఆ నెల దాటగనే దామనపల్లి కనుమలో, ఆయన అనుచరులు ముందు నడచుచున్న భారతీయ సిపాయీలను పోనిచ్చి, వెనుకవచ్చు స్కాట్ కవర్డ్, హైటర్ అను దొరలను మాత్రము కూల్చిరని చెప్పుదురు. విల్లంబులతో పెరిగినవారి చేతికి ఆ తుపాకులు వచ్చి నెల తిరిగినదో లేదో! కన్నును, ఊపిరిని, చేతిని ఏకము చేయు నేర్పు మనవారికి కొత్త కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల? అది యుద్ధము, వినోదము కాదు. కాని నేర్పు నేర్పే.

స్వాతంత్ర్యానంతరము 1951లో, లోకసభ ప్రథమ సభాపతి మావలంకర్ అధ్యక్షుడుగా మన దేశపు జాతీయ రైఫిలు సంఘము వెలసినది. అంతకు మూడేండ్లకు ముందే పుట్టిన ఎన్‌సీసీ పల్లెటూరి విద్యార్థుల చేతికి రైఫిలు నిచ్చినది. నేనును కళాశాల చదువునాడు ఒక ఉదయము మంచుతో తడిసిన నేలపై బోర్ల పండుకొని పాయింట్ టూటూ రైఫిలుతో అయిదు గుండ్లు కాల్చితిని. పాతిక మీటర్లు మాత్రమే. నా గుండ్లు పడిన చోటులు అరచేతిలో ఇమిడినవని మా హవల్దారు మెచ్చుకొనెను. ఆ కాగితము చాలకాలము నా పెట్టెలో దాచుకొంటిని.

హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 జూలై 30న లండను ఒలింపిక్సులో 701.1 పాయింట్లతో కాంస్యపతకము గెల్చెను. అది పదిమీటర్ల గాలిరైఫిలు. నాలుగు గోడల నడుమ గాలి వీచని చోటి విద్య. మన జాతీయపోటీలలోని రైఫిలు దూరములు 10, 50, 300 మీటర్లు. విదేశములలో మాత్రము, కెనడా దేశీయుడు ఫార్కర్సన్ పేరిట పుట్టిన ఎఫ్-క్లాస్ వంటి వేయిగజాల పోటీలలో వయసు మీఱినవారును దుర్భిణి బిగించుకొని, తుపాకి ముందు ఊత నుంచుకొని, ప్రశాంతముగా పాల్గొనుచున్నారు. ఆ ప్రశాంతత మన దేశపు పెద్దలకును దక్కవలెనని నా కోరిక.

మొన్న ఎండ ముదురుచున్న వేళ జొన్నాడ రేవున నిలిచి, ఆవలి లంకపై రెల్లుదుబ్బులను చూచుచు, గాలి ఎటునుండి వచ్చుచున్నదని పడవవానిని అడిగితిని. అతడు కన్నులు చికిలించి నీటిని, నింగిని, ఆవలి గట్టును చూచి యిట్లనెను: “ఇక్కడ పైరగాలేనండి బాబుగారూ. నడి ఏట్లో లేదండి. ఆ రెల్లు కాడ మాత్రం అటునించి ఇటు కొడతందండి, ఆయ్.”